చిన్న ట్యాంకులో తగ్గిన నీళ్లు తమంతట తామే నిండే ఏర్పాటు: ఐదువందల్లో సాధ్యమా?

కూకట్‌పల్లి_గాజుపెట్టె
మా ఇంట్లో రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు ఉన్న ట్యాంకు ఉంది. అందులో సుమారు 55 లీటర్ల నీళ్లు, పదిహేను నియాన్ టెట్రాలు, లెక్కకు దొరకని చెర్రీ రొయ్యలు ఉన్నాయి. ఎండలు ముదిరినప్పటి నుంచి నీటిమట్టం రోజురోజుకూ దిగిపోతోంది. గాజు మీద టేపు అంటించి నాలుగు రోజులు కొలిస్తే రెండున్నర సెంటీమీటర్లు తగ్గింది. వెనక తగిలించిన ఫిల్టరు నుంచి నీళ్లు ఎత్తు మీద నుంచి పడుతూ రాత్రంతా చప్పుడు చేస్తున్నాయని ఇంట్లో రోజూ పంచాయితీ నడుస్తోంది.

అసలు బాధ అది కాదు. మే మొదటి వారంలో ఆరు రోజులు ఊరికి వెళ్లాలి. నిరుడు పక్కింటివారికి తాళం ఇచ్చి వెళ్తే, వారు పాపం మంచి మనసుతోనే ఐదోరోజున ఒక బకెట్టు కుళాయి నీళ్లు ఒక్కసారిగా పోశారు. మేం తిరిగి వచ్చేసరికి రొయ్యల్లో సగం లేవు. తయారుగా దొరికే ఆటో టాప్-ఆఫ్ పరికరాల ధర చూస్తే ట్యాంకు కన్నా ఎక్కువ ఉంది. ఐదువందల రూపాయల లోపు, ఇంట్లో కూర్చుని చేసుకోగలిగిన పద్ధతి ఎవరైనా వాడుతున్నారా? నాకు టంకం వేయడం రాదు, నేర్చుకోవడానికి అభ్యంతరం లేదు.

తార్నాక_తాతయ్య
మూత పెట్టండి. అద్దాల దుకాణంలో నాలుగు మిల్లీమీటర్ల గాజు ముక్క కోయించి పైన పరిస్తే మీ సమస్యలో ముప్పాతిక వంతు తీరిపోతుంది. నేను ముప్పై ఏళ్లుగా చేపలు పెంచుతున్నాను, ఒక్కనాడూ మోటారు పెట్టి నీళ్లు నింపలేదు.

నాచుతోట
తాతయ్య గారి మాట చలికాలంలో శిరోధార్యమే. కానీ పోయిన మే నెలలో నేను గాజు మూత బిగించి ఉంచితే మూడో రోజుకి నీళ్లు 33 డిగ్రీలు దాటాయి, నాచు మొత్తం గోధుమరంగుకు తిరిగింది. మూత తీసి చిన్న ఫ్యాను పెడితే 29కి దిగింది. ఫ్యాను పెట్టాక నీళ్లు ఇంకా వేగంగా తగ్గాయనుకోండి, అది వేరే కథ.

బోరునీళ్ల_బాధితుడు
నాచుతోట గారి అనుభవానికి కారణం ఉంది. ఒక లీటరు నీళ్లు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. ఆ వేడిలో ఎక్కువ భాగం ట్యాంకు నీళ్ల నుంచే పోతుంది. హైదరాబాద్ ఎండాకాలంలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి, మూత లేని ట్యాంకు తనంతట తానే కూలరులా పనిచేస్తుంది. మూత పెడితే నీళ్లు మిగులుతాయి, చల్లదనం పోతుంది. వానాకాలం వచ్చి గాలిలో తేమ పెరిగాక ఈ రెండూ తగ్గుతాయి.

మొదటి పోస్టులోని కొలతను లీటర్లలోకి మార్చి చూశాను. 60 సెంటీమీటర్లను 30తో గుణిస్తే 1,800 చదరపు సెంటీమీటర్లు, అంటే ఒక సెంటీమీటరు తగ్గడమంటే 1.8 లీటర్లు పోవడం. నాలుగు రోజుల్లో నాలుగున్నర లీటర్లు, రోజుకు లీటరూ నూరు మిల్లీలీటర్లు. ఇక మీరు ఎలా నింపుతారో ఆలోచించే ముందు ఏ నీళ్లతో నింపుతారో చెప్పండి.

కూకట్‌పల్లి_గాజుపెట్టె
మా అపార్ట్‌మెంట్ సంపులో జలమండలి నీళ్లు, బోరు నీళ్లు, ఎండాకాలంలో ట్యాంకరు నీళ్లు అన్నీ కలిసిపోతాయి. మీటరు పెట్టి చూస్తే టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల మోతాదు, ఒకరోజు 600, ఇంకోరోజు 900 చూపిస్తోంది. ప్రతి ఆదివారం పద్నాలుగు లీటర్లు తీసి కొత్త నీళ్లు పోస్తాను కాబట్టి అదేమంత సమస్య కాదనుకుంటున్నాను.

బోరునీళ్ల_బాధితుడు
అదే సమస్య. నీళ్లు ఆవిరవుతాయి, అందులోని లవణాలు మాత్రం ట్యాంకులోనే ఉండిపోతాయి. 900 టీడీఎస్ ఉన్న నీళ్లనే వాడితే లెక్క ఇలా ఉంటుంది. వారానికి 7.7 లీటర్లు ఆవిరి లోటు పూడ్చడానికి, 14 లీటర్లు మార్పిడికి, మొత్తం 21.7 లీటర్ల నీళ్లు లోపలికి వస్తున్నాయి. బయటికి పోయేది 14 లీటర్లే. లోపలికి వచ్చిన లవణమంతా ఆ 14 లీటర్లతోనే బయటికి పోవాలంటే మార్పిడికి ముందు ట్యాంకు నీళ్లు 1,400 దగ్గర ఉండాలి. కొంత సున్నంగా మారి గాజుకు తెల్లచారలు కడుతుంది కాబట్టి మీటరు మీద కాస్త తక్కువ కనబడవచ్చు. ఆవిరి లోటును మాత్రం ఆర్వో నీళ్లతో పూడ్చండి. వంటింటి ఫిల్టరు నీళ్లు రోజుకు లీటరు తీసుకుంటే ఎవరూ కాదనరు.

పాతబస్తీ_గప్పీ
మా ఇంట్లో కాదంటారు. "మనుషులకు బోరు నీళ్లు, చేపలకు ఫిల్టరు నీళ్లా" అని మా అమ్మ రోజుకు రెండుసార్లు అడుగుతుంది.

నాచుతోట
ఎవరైనా ఆర్వో నుంచి వృథాగా పోయే గొట్టం కింద క్యాను పెట్టాలనుకుంటే ముందే చెబుతున్నాను, ఆ నీళ్లలో లవణాలు అసలు నీళ్ల కన్నా ఎక్కువ. మొక్కల కుండీలకు కూడా ఆలోచించి పోయాలి.

మల్కాజిగిరి_మీనం
ఏసీ నుంచి కారే నీళ్లు ఉచితమే కదా? టీడీఎస్ చూశాను, 20 దాటలేదు.

బోరునీళ్ల_బాధితుడు
ఏసీ లోపల ఆ నీళ్లు చల్లని చుట్టల మీదే ఊరుతాయి, చాలా ఏసీల్లో అవి రాగివి. దుమ్ము, పాచి కూడా వాటితో వస్తాయి. రాగి అతి కొద్దిగా ఉన్నా రొయ్యలు తట్టుకోలేవు. టీడీఎస్ మీటరు మొత్తం ఎంత కరిగిందో చెబుతుంది, అందులో రాగి ఎంతో చెప్పదు. గప్పీలకు చెల్లుతుందేమో కానీ రొయ్యలున్న ట్యాంకులో ఆ సాహసం చేయకండి.

పాతబస్తీ_గప్పీ
గప్పీలంటే అందరికీ చులకనే.

ఇంతకీ ఐదువందలు ఎందుకు, యాభై రూపాయలు చాలు. నేను ఉల్టా బాటిల్ వాడుతున్నాను. కోళ్లఫారంలో నీళ్ల డబ్బా చూశారు కదా, అదే సూత్రం. రెండు లీటర్ల సీసాను నిండా నింపి, మూతి ట్యాంకు నీళ్లను తాకేలా తలకిందులుగా కట్టేయాలి. ట్యాంకులో మట్టం మూతి కిందికి దిగగానే సీసాలోకి గాలి బుడగ వెళుతుంది, ఆ మేరకు నీళ్లు దిగుతాయి, మూతి మళ్లీ మునుగుతుంది, ధార ఆగిపోతుంది. కరెంటు వద్దు, వైర్లు వద్దు. రోజుకు నాలుగైదుసార్లు గుడగుడమంటుంది, అంతే.

రిలే_రిపేరు
సూత్రం మంచిదే. కానీ సీసా పైభాగంలో సూది మొన అంత రంధ్రం పడినా నీళ్లన్నీ ఒక్కసారిగా దిగిపోతాయి. సీసా మరీ పలచనిదైతే లోపలి లాగుడుకు నొక్కుకుపోతుంది. పగలు గది వేడెక్కినప్పుడు లోపలి గాలి వ్యాకోచించి అదనంగా ముప్పై నలభై మిల్లీలీటర్లు తోస్తుంది, ఇంత ట్యాంకుకు అది లెక్కలోకి రాదు. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది పరిమాణం. రెండు లీటర్లంటే ప్రశ్న అడిగినవారికి రెండు రోజులకు చాలవు.

పాతబస్తీ_గప్పీ
ఐదు లీటర్ల నూనె డబ్బా పెట్టుకోవచ్చు. నేను పెట్టాను. ఎంత కడిగినా నీళ్ల మీద నూనె తెట్టు తేలింది, చేపలకు తిరగమోత పెట్టినట్టు అయింది. ఆ ప్రయోగం మీరు చేయకండి.

సెలైన్_సిస్టర్
నేను ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తాను. మందుల దుకాణంలో కొత్త సెలైన్ సెట్ కొని ఒక క్యానుకు బిగించుకున్నాను. మామూలు సెట్‌లో దాదాపు ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు. రోజుకు రెండు లీటర్లు కావాలంటే నిమిషానికి సుమారు 28 చుక్కలు, మీకు 1.1 లీటర్లే కాబట్టి 15 చుక్కలు పెడితే సరిపోతుంది. చక్రం తిప్పుతూ గడియారం చూసి చుక్కలు లెక్కపెట్టడం మాకు రోజూ ఉండే పనే. వాడేసిన సెట్ మాత్రం ఎవరూ తెచ్చుకోవద్దు.

ఉప్పునీటి_మనిషి
సిస్టర్ గారి పద్ధతిలో ఒక లోపం ఉంది. ట్యాంకులో నీళ్లు తగ్గాయో లేదో ఆ చుక్కకు తెలియదు. మబ్బు పట్టి గాలిలో తేమ పెరిగిన రోజున కూడా అదే వేగంతో పడుతుంది. క్యానులో నీళ్లు తగ్గేకొద్దీ ఒత్తిడి తగ్గి చుక్కలు నెమ్మదిస్తాయి కూడా.

సెలైన్_సిస్టర్
నిజమే, మూడో రోజుకు చుక్కలు బాగా తగ్గిపోతాయి. నాలుగు రోజుల ప్రయాణం దాకా నాకు సరిపోయింది. సెట్ చివర, నీళ్లు నిండగానే తేలి మూసుకునే ఫ్లోట్ వాల్వ్ పెడితే ఆ లోపం కూడా పోతుందేమో.

మల్కాజిగిరి_మీనం
ఫ్లోట్ వాల్వే అసలైన జవాబు. కూలరులో ఉండే బాల్ వాల్వ్ అందరికీ తెలుసు కానీ, దాని బంతి మరీ పెద్దది, రెండడుగుల ట్యాంకులో పుచ్చకాయ పెట్టినట్టు ఉంటుంది. ఆర్వో ఫిల్టరు లోపలి డబ్బాలో ఉండే చిన్న ఫ్లోట్ వాల్వ్ కొనండి. ఫిల్టరు విడిభాగాలు అమ్మే ఏ దుకాణంలోనైనా నూరు రూపాయల చుట్టూ దొరుకుతుంది, దానికి పావు అంగుళం పైపు సరిగ్గా సరిపోతుంది. నేను రాణిగంజ్‌లో కొన్నాను. మొత్తం ప్లాస్టిక్‌దే తీసుకోండి, ఇత్తడి వద్దు, ఇత్తడిలోనూ రాగే ఉంటుంది. పక్కన అడుగు ఎత్తులో ఒక డబ్బా, దాని అడుగున రంధ్రం చేసి పైపు కనెక్టరు, పైపు చివర వాల్వ్. నాకు మొత్తం 260 రూపాయలయింది. పద్నాలుగు నెలలుగా నడుస్తోంది.

తార్నాక_తాతయ్య
బోరు నీళ్లు పోస్తే దాని మూతి దగ్గర సున్నం పట్టి మూసుకోదు. మా కూలరులో ప్రతి ఏడాదీ ఇదే తంతు.

మల్కాజిగిరి_మీనం
అందుకే ఆర్వో నీళ్లు. నెలకోసారి విప్పి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో ఒక గంట నానబెట్టి, బాగా కడిగి మళ్లీ బిగిస్తాను.

మూడో_అంతస్తు
ఇక్కడ అందరూ పద్ధతులు చెబుతున్నారు, ఏది తప్పినా ఏమవుతుందో మాత్రం ఎవరూ చెప్పడం లేదు. నేను చెబుతాను, అనుభవించినవాణ్ని కాబట్టి.

మీనం గారు చెప్పిన ఏర్పాటే నాదీ. తేడా ఒక్కటే. మాటిమాటికీ నింపే పని లేకుండా ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యానును సజ్జ మీద పెట్టాను. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్ల ఒత్తిడి పెరుగుతుందని, వాల్వ్‌కు ఉండే చిన్న తేలుడు ఆ ఒత్తిడిని తట్టుకుని రంధ్రాన్ని గట్టిగా మూయలేకపోవచ్చని అప్పట్లో నేను ఆలోచించలేదు. ఒకరోజు ఆపిల్ నత్త ఒకటి ఎక్కి తేలుడు మీద కూర్చుంది. నత్త బరువుకు తేలుడు దిగింది, వాల్వ్ తెరుచుకుంది, నత్త కదలలేదు. మేం ఇద్దరం ఆఫీసుల్లో ఉన్నాం. ట్యాంకు అంచు దాకా మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండేది, అంటే ఐదు లీటర్ల పైచిలుకు పట్టింది. తక్కిన పద్నాలుగు లీటర్లు చెక్క స్టాండు మీదుగా, ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదుగా, గుమ్మం దాటి వరండాలోకి వెళ్లాయి. కింద ఫ్లాటువారి గది కప్పు మీద మచ్చ ఇప్పటికీ ఉంది. వారు లిఫ్టులో కనిపించినప్పుడల్లా "చేపలు బాగున్నాయా" అని అడుగుతారు, ఆ గొంతులో ఆప్యాయత ఉండదు.

పాతబస్తీ_గప్పీ
నత్త బాగుందా?

మూడో_అంతస్తు
దివ్యంగా ఉంది.

ఉప్పునీటి_మనిషి
మూడో అంతస్తు గారి పోస్టును ఈ చర్చలో అందరూ రెండుసార్లు చదవాలి. సెన్సార్లు, రిలేలు, వాల్వులు ఏవైనా ఏదో ఒకరోజు మొరాయిస్తాయి. మొరాయించనిది ఒక్కటే, డబ్బా పరిమాణం. ట్యాంకులో నీటిమట్టం నుంచి గాజు అంచు దాకా ఉన్న ఖాళీలో ఎన్ని లీటర్లు పడతాయో లెక్కవేసి, డబ్బా దానికన్నా చిన్నది పెట్టుకోవాలి. అప్పుడు వాల్వ్ పూర్తిగా తెరుచుకుపోయినా నేల తడవదు. కూకట్‌పల్లి గారూ, మీ ట్యాంకులో అంచు దాకా ఖాళీ ఎంత?

కూకట్‌పల్లి_గాజుపెట్టె
నాలుగు సెంటీమీటర్లు.

ఉప్పునీటి_మనిషి
అంటే 7.2 లీటర్లు. మీ ఆరు రోజుల అవసరం 6.6 లీటర్లు. ఏడు లీటర్ల డబ్బా పెట్టండి, రెండు లెక్కలూ సరిపోయాయి. మీది చాలా అదృష్టం.

సముద్రపు చేపలున్న మాకు ఇంకో లెక్క కూడా ఉంది. 55 లీటర్ల ఉప్పునీళ్లలో ఏడు లీటర్ల మంచినీళ్లు అదనంగా పడితే లవణీయత 35 నుంచి 31కి దిగుతుంది. నేల తడవకపోయినా పగడాలు ముడుచుకుపోతాయి. అందుకే నా డబ్బా మూడు లీటర్లే, రెండు రోజులకోసారి నింపుకుంటాను. పైగా మాకు సంపు, అంటే ట్యాంకు కింద ఉండే ఫిల్టరు తొట్టి ఉంటే, సెన్సారును ట్యాంకులో కాక ఆ సంపులో మోటారు ఉండే అరలో పెట్టాలి. ఆవిరి వల్ల తగ్గేది అక్కడే కనబడుతుంది, పైన ట్యాంకులో మట్టం మారదు.

ఈఎస్పీ_వీరుడు
ఇంత చర్చ ఎందుకో నాకు అర్థం కావడం లేదు. వైఫై బోర్డు ఒకటి, నీటిమట్టం సెన్సారు ఒకటి, చిన్న పంపు ఒకటి తీసుకుంటే ఊళ్లో ఉండి ఫోనులోనే అంతా చూసుకోవచ్చు. నేను గ్రాఫులు కూడా గీయించాను.

రిలే_రిపేరు
పోయిన నెల మీ రౌటరు ఆగిపోయినప్పుడు ఏం జరిగిందో మీరే వేరే చర్చలో రాశారు.

ఈఎస్పీ_వీరుడు
అది నా ప్రోగ్రాములో తప్పు. సరిదిద్దాను. పంపు ఎక్కువసేపు నడిస్తే తానే ఆగిపోయేలా ఇప్పుడు కాలపరిమితి పెట్టాను.

రిలే_రిపేరు
ఆ కాలపరిమితి ఆలోచనే అసలైనది, దానికి వైఫై అవసరం లేదు. ప్రశ్న అడిగినవారు టంకం నేర్చుకుంటానన్నారు కాబట్టి కరెంటు పద్ధతి కూడా రాస్తాను. డబ్బాను ఎత్తున పెట్టే చోటు లేనివారికి ఇదే దారి.

నిలువుగా ఉండే ప్లాస్టిక్ ఫ్లోట్ స్విచ్‌లు రెండు తీసుకోండి, కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. దీని కాడలో అయస్కాంతం దగ్గరికి వస్తే కలిసే రీడ్ స్విచ్ ఉంటుంది, తేలుడులో అయస్కాంతం ఉంటుంది. తేలుడు దిగినప్పుడు సర్క్యూట్ కలవాలి. మీరు కొన్నది తలకిందులుగా పనిచేస్తే భయపడకండి, కింద ఉన్న చిన్న బిళ్ల తీసి తేలుడును తిప్పి పెడితే సరిపోతుంది. ఒక స్విచ్‌ను మీకు కావలసిన మట్టం దగ్గర, రెండోదాన్ని దానికి ఒక సెంటీమీటరు పైన బిగించండి. 12 వోల్టుల అడాప్టరు నుంచి వచ్చే వైరు మొదటి స్విచ్ గుండా, అక్కడి నుంచి రెండో స్విచ్ గుండా, ఆ తర్వాత పంపుకు వెళ్లాలి. కింది స్విచ్ ఇరుక్కుపోయి పంపు ఆగకపోతే, నీళ్లు పైదాన్ని ఎత్తగానే సర్క్యూట్ తెగిపోతుంది.

రీడ్ స్విచ్ లోపలి రేకులు సున్నితమైనవి, సాధారణంగా అర ఆంపియరుకు మించి తట్టుకోవు. పెద్ద పంపును నేరుగా తగిలిస్తే ఆ రేకులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, ఆపై నీళ్లు నిండినా పంపు ఆగదు. పెద్ద పంపు పెట్టేవారు మధ్యలో రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి తెంపే స్విచ్, పెట్టుకోవాలి. చిన్నదైనా సరే, పంపు ఆగేటప్పుడు పుట్టే వోల్టేజి దెబ్బ ఆ రేకులకు తగలకుండా, పంపు రెండు తీగలకు అడ్డంగా ఒక 1ఎన్4007 డయోడు, తెల్ల గీత ప్లస్ వైపు ఉండేలా వేయండి. దాని ధర రెండు రూపాయలు, అది కాపాడేది మీ నేలను.

నాచుతోట
ఏ పంపు తీసుకోవాలి? గంటకు 240 లీటర్ల చిన్న పంపు నా దగ్గర ఉంది.

రిలే_రిపేరు
అది నిమిషానికి నాలుగు లీటర్లు. ఏడు లీటర్ల డబ్బా రెండు నిమిషాల్లో ఖాళీ. మందులు కొలిచి పోసే పెరిస్టాల్టిక్ పంపు తీసుకోండి. నాది వంటింటి కొలపాత్రతో కొలిస్తే నిమిషానికి 60 మిల్లీలీటర్లు వచ్చింది. దాన్ని ప్లగ్గుకు పెట్టే మామూలు టైమరు మీద ఉదయం పావుగంట, సాయంత్రం పావుగంట మాత్రమే నడిచేలా పెట్టాను. స్విచ్‌లు రెండూ చెడిపోయినా రోజుకు 1.8 లీటర్లకు మించి పడదు, అంటే ఈ ట్యాంకులో ఒక్క సెంటీమీటరు. మిగతా ఇరవై మూడున్నర గంటలు నేను నిశ్చింతగా నిద్రపోవచ్చు.

తార్నాక_తాతయ్య
రోజుకు ఇరవై మూడున్నర గంటలు నిద్రపోయేవారికి చేపలెందుకు?

కూకట్‌పల్లి_గాజుపెట్టె
అన్నీ చదివి, ఎవరు ఏమంటారోనని భయపడుతూనే నా తొందరపాటు ఒప్పుకుంటున్నాను. శనివారం నాచుతోట గారి దగ్గర ఉన్నలాంటి చిన్న మునిగే పంపే తెచ్చి, ఒక్క స్విచ్‌తో పరీక్షించాను. స్విచ్ చక్కగా పనిచేసింది, సమయానికి పంపు ఆగింది, చప్పుడు ఆగింది. నీళ్లు మాత్రం ఆగలేదు. పంపు ఆగాక కూడా పైపులోంచి ధార పడుతూనే ఉంది. పక్కనే నిలబడి ఉన్నాను కాబట్టి పైపు లాగేశాను. దయ్యమేమీ లేదని తెలుసు, కారణమే తెలియడం లేదు.

రిలే_రిపేరు
డబ్బాను ట్యాంకు పక్కనే బల్ల మీద పెట్టారా? పైపు కొన ట్యాంకు నీళ్లలో మునిగి ఉందా?

కూకట్‌పల్లి_గాజుపెట్టె
రెండూ అవును.

రిలే_రిపేరు
అది సైఫను. డబ్బాలో నీటిమట్టం ట్యాంకు మట్టం కన్నా ఎత్తులో ఉంది, పైపు నిండా నీళ్లున్నాయి, ఇక పంపుతో పని లేదు. డబ్బాను ట్యాంకు మట్టం కన్నా కిందికి దించండి, నేల మీద పెట్టినా మంచిదే. పైపు కొనను నీళ్లకు రెండు అంగుళాల పైన వేలాడదీయండి. కొన మునిగి ఉంటే పంపు ఆగాక ట్యాంకు నీళ్లే వెనక్కి డబ్బాలోకి పారతాయి, పంపు వాటిని మళ్లీ పైకి ఎక్కిస్తుంది, ఈ ఆట తెల్లవారేదాకా సాగుతుంది. పెరిస్టాల్టిక్ పంపులో గొట్టాన్ని రోలరు ఎప్పుడూ నొక్కే ఉంచుతుంది కాబట్టి ఈ బాధ ఉండదు. ఏడాదికో రెండేళ్లకో ఆ గొట్టం అరుగుతుంది, అప్పుడప్పుడు చూసుకోవాలి.

మూడో_అంతస్తు
అడాప్టరును ట్యాంకు కింద పెట్టకండి. వైరు ప్లగ్గులోకి వెళ్లే ముందు కాస్త కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా చూడండి. వైరు వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే నేల మీద పడిపోతుంది. నా ఎక్స్‌టెన్షన్ బోర్డు నాకు నేర్పిన పాఠం ఇది. ఇంట్లో కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే ముందు అది పెట్టించుకోండి, రొయ్యల సంగతి తర్వాత.

నాచుతోట
నత్తలు, నాచు తేలుడుకు అంటకుండా నేను చేసింది చెబుతాను. ఒకటిన్నర అంగుళాల పీవీసీ పైపు ముక్కకు కింద చిన్న రంధ్రాలు చేసి, తేలుడు అందులో ఉండేలా పెట్టాను. ఫిల్టరు వల్ల పుట్టే అలలు లోపలికి రావు, స్విచ్ ఊరికే కలిసి తెగడం ఉండదు. రంధ్రాలు నత్త పట్టనంత చిన్నవిగా, నాచు మూసేయలేనన్ని ఎక్కువగా ఉండాలి.

సెలైన్_సిస్టర్
డబ్బాకు మూత గట్టిగా ఉండాలి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. అయితే మూతకు సన్నని గాలి రంధ్రం ఉండాలి, లేకపోతే లోపల లాగుడు పుట్టి నీళ్లు రావు. ఆ రంధ్రం మీద పలచని గుడ్డ కట్టండి. డబ్బాకు నల్ల కవరు చుడితే లోపల పాచి కూడా పట్టదు.

మల్కాజిగిరి_మీనం
కూకట్‌పల్లి గారూ, చివరికి ఏది ఎంచుకుంటున్నారు? పంపా, ఫ్లోట్ వాల్వా?

కూకట్‌పల్లి_గాజుపెట్టె
ఫ్లోట్ వాల్వే. ఎండాకాలంలో మా వీధిలో కరెంటు చెప్పకుండా పోతుంది, అది లేకపోయినా నడిచేదే కావాలనిపించింది. ఖర్చు ఇలా అయింది. ఆర్వో ఫ్లోట్ వాల్వ్ 110, పావు అంగుళం పైపు, కనెక్టరు కలిపి 70, ఏడు లీటర్ల మూత డబ్బా 140, నాచుతోట గారి పైపు ముక్క మా మేడ మీద దొరికింది. మొత్తం 320. డబ్బా అడుగు అంచున రంధ్రం చేసి కనెక్టరు బిగించి, రాత్రంతా పాత పేపరు మీద పెట్టి కారడం లేదని చూసుకున్నాను. డబ్బాను ట్యాంకు కన్నా అడుగు ఎత్తులోనే ఉంచాను, సజ్జ జోలికి పోలేదు. తాతయ్య గారి మాట కూడా సగం విన్నాను, ట్యాంకు మీద సగం మేర గాజు పరిచాను.

నిన్న పరీక్ష కోసం తేలుడును దారంతో కిందికి కట్టి, డబ్బా నిండా నీళ్లు పోసి వదిలేశాను. ఏడు లీటర్లూ దిగాయి. నీళ్లు అంచుకు ఒక మిల్లీమీటరు కిందకి వచ్చి ఆగాయి. ఆ పావుగంట మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

ఉప్పునీటి_మనిషి
ఎంతో డబ్బు పోసి కొన్న పరికరాలకు కూడా ఎవరూ ఈ పరీక్ష చేయరు. కానీ ఒక మిల్లీమీటరు మరీ తక్కువ. మీరు ఊరికి వెళ్లేటప్పుడు డబ్బాలో ఆరున్నర లీటర్లే ఉంచండి, సగం మూత వల్ల మీ అవసరం కూడా తగ్గి ఉంటుంది.

తార్నాక_తాతయ్య
ట్యాంకు కింద స్టాండు సమంగా ఉందో లేదో కూడా చూసుకోండి. ఒకవైపు మూడు మిల్లీమీటర్లు వంగి ఉంటే మీ లెక్కలన్నీ ఆ మూల నుంచే కారిపోతాయి.

కూకట్‌పల్లి_గాజుపెట్టె
చూశాను. ఎడమవైపు రెండు మిల్లీమీటర్లు వంగి ఉంది, కాలి కింద అట్టముక్క పెట్టాను. డబ్బా మీద ఆరున్నర లీటర్ల దగ్గర గీత గీశాను. రేపు బయలుదేరుతున్నాం.

పాతబస్తీ_గప్పీ
పక్కింటివారి దగ్గర నుంచి తాళం తీసుకున్నారా?

కూకట్‌పల్లి_గాజుపెట్టె
తాళం ఇచ్చాను, బకెట్టు దాచాను.

కూకట్‌పల్లి_గాజుపెట్టె
రాత్రి తిరిగి వచ్చాం. నీటిమట్టం టేపు దగ్గరే ఉంది. ఫిల్టరు చప్పుడు లేదు. టీడీఎస్ వెళ్లేటప్పటి కన్నా పదిహేనే పెరిగింది. రొయ్యలను లెక్కపెట్టలేకపోయాను, పిల్లలు కూడా పుట్టినట్టున్నాయి.

ఉప్పునీటి_మనిషి
డబ్బాలో ఎంత మిగిలింది?

కూకట్‌పల్లి_గాజుపెట్టె
కొలిచాను, లీటరుకు కాస్త పైన. ఈ ఆదివారం వాల్వ్ విప్పి నిమ్మ ఉప్పులో నానబెడతాను.